పుష్యంలో చెప్పిన మాట

అనగా అనగా ఒక కోట. కోట కింద ఒక వీధి. ఆ వీధి నిండా మగ్గాలు. దారం మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెల టకటకలు వినబడుతుంటే, దారిన పోయే పరదేశి కూడా "ఇది సాలెవీధి" అని కళ్లు మూసుకుని చెప్పేవాడట.

ఆ వీధిలో చౌడప్ప అనే నేతగాడు ఉండేవాడు. ఉండేవాడన్న మాటే గాని, ఏడాదిలో ముప్పాతిక భాగం ఊళ్లో ఉండేవాడు కాదు. నాయన నేస్తే తాను మూట నెత్తిన పెట్టుకుని సంత సంతకూ తిరిగి అమ్ముకొచ్చేవాడు. చిన్ననాడే నేత నేర్చాడు. చెయ్యి బాగానే తిరిగింది. కానీ ఒక ఏడాది పొడుగునా మగ్గం మీద కూర్చున్న పాపాన పోలేదు.

ఒక పుష్యమాసంలో అతడు సంత నుంచి తిరిగి వచ్చేసరికి నాయన మంచాన పడి ఉన్నాడు. బయట చలి కొరుకుతోంది. ముసలాయన గొంతు గురగురమంటోంది. కొడుకు చెయ్యి పట్టుకుని ఇలా అన్నాడు:

"ఒరే చౌడా! వచ్చే దసరాకు అమ్మవారి నడకబట్ట మన ఇంటి వంతు. జాగ్రత్తగా విను. ఎండెక్కనిచ్చి గుంటలో దిగు. నడిపొద్దున నాడె ఆపొద్దు, దాన్ని మించిన పొద్దు లేదు. ఒంటికి నూనె రాసుకో. భుజాన కంబళి కప్పుకో. పొట్టలో వేడిగా ఉలవచారు పోసుకో. ఇవి మరిచావో, చెడ్డావే!"

ఇంకా ఏదో చెప్పబోయాడు. దగ్గు వచ్చింది. ఆ దగ్గుతోనే కన్ను మూశాడు.

నడకబట్ట అంటే ఏమిటో చెబుతాను, వినండి. ఆ కోటలో కోటమ్మ తల్లి గుడి ఉంది. విజయదశమి నాడు, దీపాలు పెట్టే వేళ, అమ్మవారు పల్లకి దిగి కోటవాకిలి నుంచి గద్దె దాకా పూజారి చేతుల మీద నడిచి వస్తుంది. ఆ దారి పొడుగునా నేల కనబడకుండా తెల్లని నూలుబట్ట పరచాలి. దాన్ని ఏటా ఒక ఇల్లు నేసి ఇవ్వాలి. మగ్గానికి నిలువుగా ఎక్కించే దారాల బారును పడుగంటారు. మూడు పడుగుల పొడుగు బట్ట అది. అతుకు ఉంటే ఉండవచ్చు, వెలితి మాత్రం ఉండరాదు. దీపాల వేళకు బట్ట అందకపోతే, ఆ ఇంటి మగ్గం గుంట పూడ్చెయ్యాలి. అది పూర్వుల కట్టడి.

సాలెవాడు నేలలో గుంట తవ్వుకుని, గట్టున కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి చెక్కలు తొక్కుతూ నేస్తాడు. గుంట లేనిదే మగ్గం లేదు. మగ్గం లేనివాడికి ఆ వీధిలో ఇల్లు లేదు.

వెనకటి తరంలో వీధి చివర ఒక ఇంటి గుంట అలాగే పూడ్చారు. ఇప్పుడక్కడ ఎవరిదో మేకను కట్టేస్తున్నారు. ఆ ఇంటివాళ్ల పేరు కూడా ఎవరికీ గుర్తు లేదు. ఆ మేక అరిచినప్పుడల్లా చౌడప్ప గుండె జల్లుమనేది.

కర్మకాండ ముగిసింది. మాఘం వచ్చింది. చౌడప్ప నాయన మాట తు.చ. తప్పకుండా పట్టుకున్నాడు. ఎండెక్కాక లేచి ఒంటికి నూనె పట్టించేవాడు. కంబళి కప్పుకుని, పొగలు కక్కే ఉలవచారు తాగి, గుంటలో దిగేవాడు. పగలంతా ఎడతెరిపి లేకుండా నేసి దీపాల వేళకు లేచేవాడు. వేళ్లు చురుగ్గా ఆడేవి. దారం చెప్పిన మాట వినేది. ఫాల్గుణం వెళ్లకముందే మొదటి పడుగు బట్ట అయి, మడతపడి, దూలం మీదికి ఎక్కింది.

వీధిపెద్ద వీరన్న సెట్టి వచ్చి బట్ట తడిమి చూశాడు. "శభాష్ అల్లుడా! మీ నాయన చెయ్యే" అన్నాడు.

"మా నాయన మాట, మామా. నాదేముంది" అన్నాడు చౌడప్ప. ఆ రాత్రి అతడికి కంటి నిండా నిద్ర పట్టింది. మళ్లీ అటువంటి నిద్ర చాలా నెలల దాకా పట్టలేదు.

చైత్రం పోయింది. వైశాఖం మండింది. జ్యేష్ఠం వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు రోళ్లే కాదు, రోలు పక్కనున్న గోడ కూడా పగిలింది.

చౌడప్ప మాత్రం ఎండెక్కాకే లేచాడు. నూనె రాసుకున్నాడు. కంబళి కప్పుకున్నాడు. ఉలవచారు తాగాడు. గుంటలో దిగాడు.

అతడి భార్య సుంకమ్మ నోరున్న మనిషి. చూసి చూసి ఒకనాడు అననే అంది:

"ఏమయ్యో! వీధికుక్కలు కూడా నీడ చూసుకుని పడుకున్నాయి. నువ్వు కంబళి కప్పుకుని కూర్చున్నావు. మళ్లీ పెళ్లికొడుకువి అవుతున్నావా ఏమిటి?"

"మా నాయన మాట" అన్నాడు చౌడప్ప, చెమట తుడుచుకుంటూ.

"మీ నాయన బతికుండగా ఈ ఎండల్లో కంబళి కప్పుకోవడం నేనయితే చూడలేదు."

"నీకేం తెలుసు? కాపురానికొచ్చి ఎన్నాళ్లయిందని? పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. నీ చెయ్యి పట్టుకుని కాదు."

సుంకమ్మ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

అతడు నాడె విసిరాడు. ఫట్! పడుగులో ఒక పోగు తెగింది. ముడి వేశాడు. మళ్లీ విసిరాడు. ఫట్! ఫట్! ఎండకు ఎండి దారం గడ్డిపరకలా పెళుసెక్కింది. ఒకటి ముడివేస్తే పక్కది తెగేది. పొద్దంతా నేసినా బట్ట బెత్తెడు పెరిగేది కాదు. ముడులే పెరిగేవి.

వీధిలో మిగతావాళ్లు నడిపొద్దున అరుగుల మీద గురకలు పెడుతున్నారు. చౌడప్ప వాళ్లను చూసి, "సోమరిపోతులు! అమ్మవారి వంతు వస్తే తెలుస్తుంది" అని పళ్లు కొరికాడు.

"వాళ్ల మీద పళ్లు కొరకడం కాదురా మనవడా, ముందు నీ దారం సంగతి చూసుకో" అంది ఒక బొంగురు గొంతు.

నీళ్లకుండ కింది తడిలోంచి రెండు ఉబ్బుకళ్లు అతడిని చూస్తున్నాయి. అది ఆ ఇంట్లో తాత కాలం నుంచీ ఉన్న బోదురుకప్ప. ఎండాకాలం కుండ కింద, వానాకాలం గడప మీద, చలికాలం గుంట మూల మట్టిలో ఉంటుంది. ఇంటిల్లిపాదీ దాన్ని కప్పవ్వ అనేవారు.

"నీకెందుకే అవ్వా?" అన్నాడు చౌడప్ప.

"నాకెందుకా? తెల్లవారుజామున చల్లని వేళ వీధి వీధంతా మగ్గాలు మోగుతుంటే, నువ్వొక్కడివే గురక పెడుతున్నావు. వాళ్లు పనంతా ముగించుకుని పడుకున్న వేళకు నువ్వు దిగుతున్నావు. మళ్లీ వాళ్లే సోమరులంటున్నావు."

"మా నాయన మాట" అన్నాడు చౌడప్ప.

"సరేలే, నీ నాయన, నీ మాట" అని కప్పవ్వ తడిమట్టిలోకి వెనక్కి జరిగింది.

ఆనాడే నడిపొద్దున చౌడప్ప కళ్ల ముందు తెల్లని పడుగు నల్లగా అయింది. నాడె చేతిలోంచి జారింది. మనిషి మగ్గం మీదికి ఒరిగిపోయాడు.

సుంకమ్మ లబలబలాడుతూ వచ్చి, కంబళి పీకి పారేసి, ఈడ్చుకెళ్లి వసారాలో పడుకోబెట్టింది. తల మీద తడిగుడ్డ వేసింది. ఉప్పు వేసిన మజ్జిగ గుక్క గుక్కగా పోసింది. చాలాసేపటికి అతడు కళ్లు తెరిచాడు. తెరిచీ తెరవగానే అడిగిన మొదటి మాట:

"ఎంతయింది బట్ట?"

"నీ ప్రాణం పోయేటంత అయింది" అంది సుంకమ్మ, ఏడుస్తూ.

సెట్టి చూడవచ్చాడు. రెండో పడుగు సగం కూడా కాలేదు. ఉన్న సగం నిండా ముడులు. ఆయన వంగి చూశాడు. ముడుల మీద వేలు పెట్టి అలా నిమిరి, నిట్టూర్చి, వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనుకున్నాడు చౌడప్ప. ఆ నిట్టూర్పు అతడి చెవిలో చేరి బయటికి పోలేదు.

మర్నాడు ఒళ్లు తూలుతున్నా మళ్లీ ఎండెక్కాకే గుంటలో దిగాడు. భయం మనిషిని ఎప్పుడూ అంతే చేస్తుంది. దారి తప్పినవాడి చేత ఆ దారినే మరింత వేగంగా నడిపిస్తుంది.

ఎలాగో తెంపుతూ, ముడివేస్తూ, తొలకరి పడే వేళకు రెండో పడుగు ముగించాడు. "అమ్మయ్య! ఎండలు పోయాయి. ఇక నాకు అడ్డు లేదు" అనుకున్నాడు.

ఆషాఢం వచ్చింది. మబ్బు పట్టింది.

నేసే ముందు పడుగును వీధిలో బారుగా సాచి, కుంచెతో గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టాలి. గంజి లేని పడుగు వెన్నెముక లేని మనిషి లాంటిది. చౌడప్ప మూడో పడుగును వీధిలో సాచాడు. ఎప్పుడు? ఎండెక్కాక.

వానాకాలంలో పొద్దున కాసే ఆ కాస్త ఎండే ఎండ. పొద్దు నెత్తికెక్కేసరికి కొండ మీది నుంచి మబ్బు దిగుతుంది. దిగింది. చౌడప్ప కుంచె పెట్టాడో లేదో, దబదబమని వాన కొట్టింది. గంజి అంతా పాలలా కారి కాలువలో కలిసింది. తడిసిన పడుగును మొగుడూపెళ్లాలు చెరో వైపు పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తారు.

మర్నాడూ అంతే. మూడోనాడు పట్టించిన గంజి ఆరక పులిసింది. పడుగు మీద నల్లని బూజు మచ్చలు పడ్డాయి.

"వద్దయ్యా, నాలుగు రోజులు ఆగు" అంది సుంకమ్మ.

"ఆగితే మట్టిగంపలు వస్తాయి! తెలుసా నీకు?"

"ఆగకపోతే ముందు నలుగురూ వచ్చేటట్టున్నారు, నిన్ను మోసుకుపోవడానికి."

ఆమె మాట నిజమే. గుంటలో నీరు ఊరింది. ఆ నీళ్లలో కాళ్లు పెట్టి అతడు పొద్దంతా ఉత్త చెక్కలు సవరిస్తూ, తడి పడుగును నేయబోతూ కూర్చున్నాడు. కాలివేళ్ల సందులు ఒరిసి పుండ్లు పడ్డాయి. చెమ్మ ఒంటి మీద నూనె పట్టించడంతో ఒళ్లంతా పొక్కింది. కంబళి తడిసి కంపు కొట్టింది. దాన్నే కప్పుకున్నాడు. శ్రావణం నడిమికి జ్వరం పట్టుకుంది. జ్వరంలోనూ పాకుతూ మగ్గం దగ్గరికి వెళ్లాడు.

నాడె కనబడలేదు.

"సుంకీ! నాడె ఏదే?"

"దాచాను" అంది సుంకమ్మ, వంటింటి గుమ్మంలో నడుం మీద చెయ్యి పెట్టుకుని. "నీ ఉలవచారు కూడా పారబోశాను. ఏం చేస్తావో చెయ్యి."

"నా కొంప పూడుస్తావా? మట్టి పోస్తావా నా గుంటలో?"

"మట్టి పోస్తే మగ్గం పోతుంది. నువ్వు పోతే నాకేం మిగులుతుంది? మేకను కట్టేసుకుంటానా ఇక్కడ?"

తాను ఎవరికీ చెప్పకుండా మోస్తున్న భయాన్ని ఆమె కూడా మోస్తోందని చౌడప్పకు అప్పుడు తెలిసింది. అయినా మొండి మనిషి. కాళ్లు గుంటలో దించబోయాడు.

"ఆగరా మనవడా" అంది బొంగురు గొంతు.

గడప మీద కప్పవ్వ కూర్చుని ఉంది. వాన తుంపర దాని వీపు మీద మెరుస్తోంది.

"నేను కప్పను. నీళ్లు నా పుట్టిల్లు. ఆ గుంటలో నీళ్లు నాకే ఎక్కువై, నేనే బయటికొచ్చి గడప మీద కూర్చున్నాను. నువ్వు లోపలికి దిగుతున్నావు. నీది ఏ జాతిరా?"

"మా నాయన..."

"విన్నాన్లే. చెవులు చిల్లులు పడేటట్టు విన్నాను. ఒక్క సంగతి చెప్పు. మీ నాయన ఆ మాట నీకు ఏ నెలలో చెప్పాడు?"

"పుష్యంలో."

"ఇది ఏ నెల?"

చౌడప్ప చూరు నుంచి కారే వాన వంక చూశాడు.

"మీ నాయన మాట అబద్ధం కాదు. నేను మూల మట్టిలో పడుకుని ఆయన కాళ్లు చూస్తూ పెరిగినదాన్ని. చలికాలంలో ఆయన కాళ్లు నడిపొద్దున ఆడేవి. ఎండాకాలంలో తెల్లవారుజామున ఆడేవి, నడిపొద్దున గుంట ఖాళీగా ఉండేది. వానలు పట్టాయంటే నాలుగేసి రోజులు కాళ్లే కనబడేవి కావు. ఆయన చెప్పబోయింది మూడు మాటలు. దగ్గు అడ్డం వచ్చి నీకు ఒకటే దక్కింది. ఆ ఒక్కదానితో నువ్వు ఏడాదంతా ఈదుతున్నావు."

చౌడప్ప గట్టునే కూర్చుండిపోయాడు. నాడె లేదు. చెక్కలు ఆడడం లేదు. తన మగ్గం చప్పుడు ఆగాక, ఆనాడు మొదటిసారి అతడికి వీధి వినబడింది.

వీధిలో ఒక్క మగ్గమూ మోగడం లేదు.

వానకు వీధి వీధంతా మగ్గాలు ఆపింది. ఏ ఇంట్లో విన్నా రాట్నాల గిరగిర, నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టే చప్పుడు, ఎవరో నవ్వడం, ఎవరో తెగిన చెప్పు కుట్టుకుంటూ కూనిరాగం తీయడం. పనివాళ్లు పని మానలేదు. పని మార్చుకున్నారు. తన చప్పుడులో తాను పడి ఇన్నాళ్లూ అది విననే లేదు.

"సుంకీ," అన్నాడు నెమ్మదిగా, "నా కాళ్లకేదయినా మందు పెడతావా?"

సుంకమ్మ వేపాకు, పసుపు నూరి కాళ్లకు పట్టు వేసింది. మిరియాల చారు కాచి తాగించింది. కంబళిని ఉతికి, పడుగును బూజు మచ్చలు పోయేదాకా జాడించి, దండెం మీద వేసింది. గుంటలో నీళ్లు తోడి, ఇసుకా బూడిదా పోసి, పొడిగా చేసింది. జ్వరం తగ్గిన నాడు ఇద్దరూ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టారు.

సుఖంగా ఉన్నాడనుకునేరు! విశ్రాంతి ఎంత కష్టమో అప్పుడే తెలిసింది అతడికి. చూరు నుంచి పడే ఒక్కొక్క చినుకూ గుంటలో పడే మట్టిగంపలా వినబడేది. చెయ్యి ఊరకే ఉంటే మనసు వీధి చివరి మేక దగ్గరికి పోయేది. "దిగనా?" అనేవాడు. "దిగు, తొక్కు, తడి పడుగు తెగ్గొట్టు" అనేది సుంకమ్మ. అతడు మళ్లీ కండె అందుకునేవాడు.

ఒక తెల్లవారి మబ్బు విడిపోయింది. కోడి కూతకే చౌడప్ప పడుగు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడు. అతడంత పొద్దున లేవడం చూసి అరుగుల మీద వాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

"పొద్దు ఇవాళ పడమట పొడిచిందా, సెట్టి మామా?" అన్నాడొకడు.

"నవ్వింది చాలు, కుంచెలు తీయండిరా" అన్నాడు వీరన్న సెట్టి. "వాడు అడగకపోతే మానె, అమ్మ బట్ట అందరిదీ."

అడగాలని చౌడప్పకు ఇన్నాళ్లూ తోచనే లేదు. ఇప్పుడు అడిగాడు. చెరో వైపునా నలుగురు నిలబడి గంజి పట్టించారు. మబ్బు దిగేలోగా పడుగు ఆరి, ఇంట్లోకి చేరి, మగ్గానికి ఎక్కింది.

ఆ తరువాత అతడు కాలాన్ని చూసి కాలు దించాడు. ముసురు పట్టిన వేళ కండెలు చుట్టాడు. వాన వెలిసి గాలిలో చెమ్మ మిగిలిన వేళ నేశాడు. చెమ్మకు దారం పట్టులా మెత్తబడి, ఒక్క పోగు తెగకుండా నడిచింది. అలసిన వేళ పడుకున్నాడు. భాద్రపదం పోయింది. ఆశ్వయుజం వచ్చింది. అయినా పోయిన రోజులు పోయినవే. విజయదశమి తెల్లవారేసరికి బట్ట ఇంకా రెండు మూరలు నేయాల్సి ఉంది.

ఆనాడు మబ్బు తునక లేదు. వానలు వెళ్లాక వచ్చే ఎండ కసిగా ఉంటుంది. చౌడప్ప తెల్లవారుజామునే దిగి ఒక మూర నేశాడు. ఇంకొక మూర మిగిలింది. పొద్దు నెత్తికెక్కింది. ఆచారం ప్రకారం వీరన్న సెట్టి వచ్చాడు. ఆయన వెంట మట్టిగంపలు మోసేవాళ్లు వచ్చి వాకిట్లో గంపలు దించారు. ఎర్రమట్టి. తడి ఆరని మట్టి. దాని వాసన ఇల్లంతా నిండింది.

చౌడప్ప నాడె విసిరాడు. ఫట్! ఒక పోగు తెగింది. విసిరాడు. ఫట్!

అతడు ఆగాడు. నాడె కింద పెట్టాడు. పడుగు మీద తడిగుడ్డ కప్పాడు. గుంటలో చెంబెడు నీళ్లు చల్లాడు. గట్టు మీద నుంచి లేచాడు.

వాకిట్లో గంపలవాళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"అదేమప్పా, అప్పుడే ఓడిపోయినావా?" అన్నాడొకడు.

"గుంటలో నీళ్లు కూడా తనే చల్లుకున్నాడు చూడు. మట్టి బాగా అణగాలని కాబోలు!" అన్నాడు ఇంకొకడు. పకపక నవ్వారు.

ఈసారి ఉండబట్టలేకపోయింది సుంకమ్మే. ఇన్నాళ్లూ ఆగమన్న మనిషి, మట్టి కంటబడేసరికి వణికిపోయింది. "ఒక్క మూరయ్యా! ఒక్క మూరే! నీ కాళ్లు పట్టుకుంటాను, దిగు. సాయంత్రం దాకా ఆగితే చాలుతుందా?"

"చాలుతుందో లేదో నాకూ తెలియదు సుంకీ" అన్నాడు చౌడప్ప. "కానీ ఇప్పుడు దిగితే మాత్రం చాలదు. అది తెలుసు. ఇప్పుడు ఒక మూర కోసం పోతే, ముడులకే పొద్దు గూకుతుంది."

ఒక గంపలవాడు దగ్గరికి వచ్చి గుసగుసలాడాడు: "సంతల్లో తిరిగినవాడివి. నీ పాత మూటలో మూరెడు తెల్లబట్ట లేదా? అతికించెయ్. చీకట్లో ఎవరు చూస్తారు?"

"అమ్మ అడుగు పెట్టే చోట అబద్ధం పరచలేనప్పా" అన్నాడు చౌడప్ప. "పూడిస్తే పూడ్చండి."

అని సుంకమ్మ ఇచ్చిన రాగి అంబలి తాగాడు. తలకు తడిగుడ్డ చుట్టుకున్నాడు. వసారాలో, మట్టిగంపల ఎదుటే, చాప పరుచుకుని పడుకున్నాడు. నిద్ర పట్టిందా అంటే పట్టలేదు. కళ్లు మూసుకుంటే మేక అరుపు, తెరిస్తే ఎర్రమట్టి. కాని లేవలేదు. చేతులు రెండూ గుండె మీద పెట్టుకుని అలాగే పడి ఉన్నాడు. జీవితంలో అతడు చేసిన పనులన్నిటిలోకీ బరువైన పని అదే.

పొద్దు వాలింది. కోట గోడ నీడ వీధిలోకి దిగింది. చెరువుల మీది నుంచి చల్లని గాలి కదిలింది. చౌడప్ప లేచి మొగం కడుక్కుని, తడిగుడ్డ తీసి పడుగును వేలితో మీటి చూశాడు. గుంటలో చల్లిన నీళ్ల చెమ్మకు పోగు వంగింది, తెగలేదు.

దిగాడు.

నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. టక్. టక్. టకటక. గంపలవాళ్ల నవ్వు ఆగింది. బెత్తెడు. జానెడు. కోట మీద బూర ఊదారు. పల్లకి లేచింది. సుంకమ్మ కళ్లు మూసుకుని కొంగు పిడికిట్లో నలుపుతోంది. జానెడున్నర. గుడి ముందు దివిటీలకు నూనె పోస్తున్నారని ఎవరో కేక వేశారు. ఒక్క పోగూ తెగలేదు. టక్. టక్.

"కొయ్యి మామా!" అన్నాడు చౌడప్ప.

వీరన్న సెట్టి కత్తెర అందుకుని బట్ట కోశాడు. మూడు పడుగులూ అంచు అంచు కలిపి వీధి ఆడవాళ్లంతా సూదులతో పడ్డారు. మొదటిది నునుపు. రెండోది ముడులు. మూడోది మెత్తని పాలమీగడ. సెట్టి దాన్ని భుజానికెత్తుకుని, వాకిట్లో గంపల దగ్గర నిలబడి ఉన్నవాళ్ల వంక చూశాడు.

"ఈ మట్టి ఏం చేయాలి సామీ?" అని అడిగారు వాళ్లు.

"ఏం చేస్తారు? కోటవాకిట్లో వానకు దారి అంతా గుంతలు పడింది. పోయి పూడ్చండి. బట్ట సమంగా పరుచుకోవాలి, పరుగెత్తండి!"

మట్టిగంపలు ముందు పరిగెత్తాయి. నడకబట్ట వెనక పరిగెత్తింది. మొదటి దివిటీ వెలిగే వేళకు అమ్మవారు దాని మీద అడుగు పెట్టింది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ! పెద్దల మాట తప్పకుండా వినండి, విన్నాక అది ఏ కాలంలో చెప్పిన మాటో కూడా అడగండి. ఋతువును బట్టి ఒంటినీ పనినీ మార్చుకున్నవాడే తన పని నెగ్గించుకుంటాడు.